సెక్షన్ పోయింది, కాగితం పని మిగిలింది: జెనీవా సమీక్షకు బెంగళూరు నుంచి సబ్మిషన్ రాయడం

ఒక దేశంలో హక్కుల పరిస్థితి ఎలా ఉందో పౌరసంఘాలు జెనీవాలోని ఐక్యరాజ్యసమితి సమీక్షలకు రాసి పంపే నివేదికే సబ్మిషన్. ఇక్కడ మాట్లాడుకునేది స్వలింగ సంబంధాలను నేరం చేసే చట్టాల మీద, అవి పోయాక మిగిలిన వేధింపుల మీద రాసే సబ్మిషన్ గురించి. దాన్ని రాద్దామని కూర్చున్న బృందాలు మొదటి వాక్యం ఎలా ఉండాలన్న దాని మీదే సగం రోజు గడిపేస్తుంటాయి. అది ఆఖర్న తేలినా ఫరవాలేదు. ముందు తేలాల్సింది ఏ తలుపు తట్టాలన్నది. ఎంత గొప్పగా రాసిన కాగితమైనా తప్పు తలుపుకు వెళితే చదివే దిక్కుండదు.

స్వలింగ సంబంధాలను నేరంగా చూసే చట్టాలు ఇంకా 60కి పైగా దేశాల్లో ఉన్నాయి. మన దగ్గర అలాంటి చట్టమైన ఐపీసీ 377వ సెక్షన్ సంగతి 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తేల్చేసింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆ సెక్షన్ పుస్తకంలోనే లేకుండా పోయింది. మరి బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లకు ఈ పనితో ఏం సంబంధం? రెండు రకాల సంబంధం ఉంది. సెక్షన్ పోయినా దాని పని చేసిపెట్టే ఇతర సెక్షన్లు మన స్టేషన్లలో నడుస్తూనే ఉన్నాయి. అనంతపురం, కడప, కరీంనగర్ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లేమో అలాంటి చట్టం కిందికే దిగుతున్నారు. కువైట్ శిక్షాస్మృతి 193వ అధికరణం ప్రకారం 21 ఏళ్లు దాటిన మగవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధానికి ఏడేళ్ల దాకా జైలు.

ఏ తలుపు?

మానవ హక్కుల మండలి వేరు, మానవ హక్కుల కమిటీ వేరు. ఈ పేర్లు ఎవరు పెట్టారో గానీ, కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో సగం ఇక్కడే పుడతాయి. మండలి అంటే 47 దేశాల ప్రభుత్వాలు కూర్చునే చోటు. కమిటీ అంటే 18 మంది నిపుణులు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను, అంటే ఐసీసీపీఆర్‌ను, దేశాలు పాటిస్తున్నాయా లేదా అని వీళ్లు చూస్తారు.

మండలి నడిపేది యూపీఆర్, తెలుగులో సార్వత్రిక నియతకాలిక సమీక్ష. ఏడాదికి మూడు విడతలు, విడతకు 14 దేశాలు. ఈ లెక్కన 193 సభ్యదేశాల్లో ప్రతి దేశం వంతూ సుమారు నాలుగున్నరేళ్లకు ఒకసారి వస్తుంది. ఏ ఒడంబడికపై సంతకం పెట్టినా పెట్టకపోయినా ప్రతి దేశం దీని కిందికి వస్తుంది. సౌదీ, యూఏఈ ఐసీసీపీఆర్‌లో చేరలేదు కాబట్టి వాటిమీద మానవ హక్కుల కమిటీకి రాసినా ప్రయోజనం ఉండదు, యూపీఆర్‌కు రాయాలి. మహిళల విషయమైతే సీడా (మహిళలపై వివక్షను తొలగించే ఒడంబడిక) కమిటీకి రాయొచ్చు, ఎందుకంటే ఆ రెండూ సీడాలో ఉన్నాయి. కువైట్ 1996లో, ఖతార్ 2018లో ఐసీసీపీఆర్‌లో చేరాయి, అక్కడ కమిటీ తలుపు తెరిచే ఉంది. ఏ దేశం ఏ ఒడంబడికలో ఉందో, ఏ మినహాయింపులు పెట్టుకుందో ఐక్యరాజ్యసమితి ఒడంబడికల పట్టికలో చూసుకోండి. అయిదు నిమిషాల పని, ఆర్నెల్ల శ్రమ మిగులుతుంది.

భారత్ 1979లో ఐసీసీపీఆర్‌లో చేరింది. కమిటీ ముందు మన వంతు 1997 తర్వాత మళ్లీ 2024 జులైలో వచ్చింది. ఇప్పుడు కమిటీ ఎనిమిదేళ్ల చక్రం పెట్టుకుంది. యూపీఆర్‌లో మనం 2008, 2012, 2017, 2022లో కూర్చున్నాం.

వ్యక్తిగత ఫిర్యాదు అనేది మూడో తలుపు. ఒడంబడికకు తోడుగా ఉండే ఐచ్ఛిక ప్రోటోకాల్ అనే విడి ఒప్పందంలో దేశం చేరి ఉంటేనే అది తెరుచుకుంటుంది. భారత్ ఐసీసీపీఆర్ ప్రోటోకాల్‌లోనూ చేరలేదు, సీడా ప్రోటోకాల్‌లోనూ చేరలేదు. ‘మా కేసును జెనీవాలో వేయండి’ అని అడిగేవాళ్లకు ఈ మాట మొదటి రోజే చెప్పేయాలి. ఆశపెట్టి తిప్పించుకోవడం కంటే అదే మేలు.

వీటితో సంబంధం లేకుండా ఎప్పుడైనా తట్టగల తలుపు ఇంకొకటి ఉంది. లైంగికత, జెండర్ గుర్తింపు ఆధారంగా జరిగే హింస, వివక్షలను చూసే స్వతంత్ర నిపుణుడి పదవిని 2016లో మండలి ఏర్పాటు చేసింది. ఆ ఓటింగులో భారత్ తటస్థంగా ఉండిపోయింది. జరిగిన సంఘటనను ఆన్‌లైన్ ఫారంలో నింపి పంపితే, ఆ కార్యాలయం తగిన కేసనుకుంటే ప్రభుత్వానికి ఉత్తరం రాస్తుంది. మామూలుగా 60 రోజుల్లో జవాబు అడుగుతారు, తర్వాత ఆ ఉత్తరం బయటపెడతారు. బాధితుల పేరు ప్రభుత్వానికి చెప్పొచ్చా, బయట చెప్పొచ్చా అని ఫారం విడివిడిగా అడుగుతుంది. రెంటికీ ఆలోచించి జవాబివ్వండి.

గడువు వెనక్కి లెక్కపెట్టండి

యూపీఆర్‌లో పౌరసంఘాల గడువు సమీక్షకు ఆరు నుంచి ఎనిమిది నెలల ముందే ముగుస్తుంది. గడువు దాటి వచ్చింది చదవరు. సమీక్ష వార్త పేపర్లో పడ్డాక మేలుకుంటే చేయగలిగింది ఏమీ ఉండదు. గడువు తేదీ నుంచి వెనక్కి లెక్కేసి ఆరు నెలలు చేతిలో ఉంచుకోండి. ఆర్టీఐ జవాబులకూ అప్పీలుకూ రెండున్నర నెలలు, సాక్ష్యాలకు రెండు నెలలు (రెండు పనులూ పక్కపక్కన సాగుతాయి), రాతకు నెల, దిద్దుబాటుకూ అనువాదానికీ నెల, మిగిలింది మనుషుల జ్వరాలకూ, పెళ్లిళ్లకూ, ఆఫీసు రిలీజులకూ.

కమిటీ దగ్గర రెండు అదనులుంటాయి. ప్రభుత్వానికి ప్రశ్నల జాబితా తయారు చేసేటప్పుడు ఒకటి, సమావేశానికి ముందు ఇంకొకటి. చాలామంది రెండోదానికే రాస్తారు. మా మాట వింటే మొదటిదాన్ని వదలకండి. ప్రశ్నల జాబితాలో మీ అంశం ఎక్కితే ప్రభుత్వం దానికి రాతపూర్వకంగా జవాబు చెప్పుకోవాలి. ఎక్కకపోతే సమావేశంలో ఎవరైనా సభ్యుడు తనంతట తాను అడగాలి, అది అదృష్టం మీద ఆధారపడ్డ సంగతి. మాటల పరిమితి, ఫార్మాట్ ఒక్కో కమిటీకి ఒక్కో తీరు. ఆ సమావేశపు సమాచార పత్రం చదవకుండా కీబోర్డు ముట్టొద్దు.

సబ్మిషన్ పంపడానికి రిజిస్ట్రేషన్ ఉన్న సంఘమే కానక్కర్లేదు, ఐక్యరాజ్యసమితి సంప్రదింపుల హోదా అంతకంటే అక్కర్లేదు. ఆ హోదా కావాల్సింది మండలి సమావేశంలో మైకు పట్టుకోవడానికి. ప్రయాణానికి విదేశీ డబ్బు తీసుకుంటే మాత్రం ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సంగతి ముందు చూసుకోండి. అది తెలిసిన ఆడిటర్‌ను అడగాల్సిన విషయం, స్నేహితుడిని కాదు.

చట్టాన్ని అక్షరం అక్షరం చదవడం

సెక్షన్ సంఖ్య, అసలు పాఠం, శిక్ష, ఎప్పటి చట్టం, ఎప్పుడు సవరించారు: ఈ అయిదూ మొదటి పేజీలో ఉండాలి. సవరణలు ఎందుకంత ముఖ్యమో శ్రీలంక ఉదాహరణ చెబుతుంది. అక్కడి శిక్షాస్మృతిలో 365ఏ సెక్షన్ మొదట మగవాళ్ల గురించే. 1995లో ‘మగవ్యక్తి’ అన్న చోట ‘వ్యక్తి’ అని మార్చారు. లింగ సమానత్వం అన్నట్టు కనిపించే ఆ ఒక్క మాటతో ఆడవాళ్లు కూడా నేరస్తుల జాబితాలో చేరారు. రొసాన్నా ఫ్లేమర్-కాల్డెరా దీనిపై సీడా కమిటీకి వెళ్లారు. శ్రీలంక ఆ ప్రోటోకాల్‌లో ఉంది కాబట్టి వెళ్లగలిగారు. 2022లో కమిటీ ఆమె హక్కులకు భంగం కలిగిందని తేల్చింది. 134/2018 అన్న ఆ సంఖ్య రాసుకోండి. లెస్బియన్ మహిళల విషయంలో దక్షిణాసియా నుంచి రాసే ఏ కాగితానికైనా పనికొస్తుంది.

‘చట్టం ఉందిగానీ ఎవరినీ పట్టుకోవడం లేదు కదా’ అన్నది ప్రభుత్వాలు ఎప్పుడూ చెప్పే జవాబు. దానికి బదులు సిద్ధంగా ఉంచుకోండి. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో నికొలస్ టూనెన్‌పై ఎప్పుడూ కేసు పెట్టలేదు. అయినా మెడ మీద కత్తిలా వేలాడే చట్టం వల్ల ఆయన బాధితుడే అని మానవ హక్కుల కమిటీ 1994 మార్చి 31న ఒప్పుకుంది. యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా 1988లో ఐర్లండ్ మీద నోరిస్ కేసులో, 1993లో సైప్రస్ మీద మోడినోస్ కేసులో అదే దారిలో నడిచింది. హెచ్‌ఐవీని అడ్డుకోవడానికే ఈ చట్టం అని టాస్మానియా చేసిన వాదన కూడా టూనెన్ కేసులో నిలవలేదు. నేరమనేసరికి మనుషులు దాక్కుంటారు, వైద్యం వాళ్లదాకా చేరదు.

టూనెన్ గురించి రాసేటప్పుడు పెద్దపెద్దవాళ్లు కూడా ఒక తప్పు చేస్తారు. కమిటీ 26వ అధికరణం ఉల్లంఘన అని చెప్పలేదు. 17(1)ని 2(1)తో కలిపి చదివి, ఏకాంతపు (ప్రైవసీ) హక్కుకు భంగం అని తేల్చింది. ‘లింగం’ అన్న మాటలో లైంగికత కూడా ఉందని చెప్పింది. 26లోకి వెళ్లాల్సిన అవసరం లేదని అక్కడితో ఆగింది. మీ కాగితంలో ‘టూనెన్, 26’ అని పడితే, చదివే సభ్యుడికి మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. లైంగికత, జెండర్ గుర్తింపు విషయాల్లో మానవ హక్కుల చట్టం ఎలా వర్తిస్తుందో చెప్పే యోగ్యకర్త సూత్రాల విషయం కూడా అంతే. 2006లో నిపుణులు కూర్చుని రాసుకున్నవి, 2017లో కొన్ని చేర్చారు. ఉటంకించండి, కానీ ఒడంబడిక అని మాత్రం అనకండి. ప్రభుత్వ ప్రతినిధికి అంత సులువైన జవాబు మీ చేతులతో మీరే అందించినట్టవుతుంది.

భారత్ గురించి అయితే ప్రశ్న మారుతుంది. నేరం కాదన్నాక ఏం మిగిలింది? ఇక్కడ తవ్వాల్సింది చాలా ఉంది.

న్యాయ సంహితలో 377ను పూర్తిగా తీసేయడంతో, వయోజనుడైన మగవాడి మీదో ట్రాన్స్ వ్యక్తి మీదో అత్యాచారం జరిగితే సరిగ్గా సరిపోయే సెక్షన్ లేకుండా పోయింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం 2019లోని 18వ సెక్షన్ కింద లైంగిక హింసకు శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. మహిళపై అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి వదిలేయండి, విశేషణాలు అక్కర్లేదు.

రాష్ట్రాల పాత చట్టాలు మరిచిపోతుంటారు. నిజాం కాలపు తెలంగాణ నపుంసకుల చట్టం, 1329 ఫస్లీ, హిజ్రాల పేర్లతో పోలీసులు రిజిస్టర్ పెట్టుకోవచ్చనీ, వారంటు లేకుండా పట్టుకోవచ్చనీ చెప్పింది. 2023 జులైలో హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకంలోనే ఉంది. ‘నపుంసకుల’ రిజిస్టర్ పెట్టి వాళ్లను అదుపు చేసే అధికారమిస్తూ కర్ణాటక పోలీసు చట్టంలో 36ఏ అని 2011లో చేర్చారు. మూలం 1871 నాటి నేరస్థ తెగల చట్టపు ఆలోచనే. హైకోర్టులో సవాలు చేశాక అందులో ‘నపుంసకులు’ అన్న మాట మార్చారు. మాట మారింది సరే, అధికారం మిగిలిందా అన్నది మీ సబ్మిషన్‌లో ఒక పేరా అవుతుంది.

అన్నిటికంటే బరువైనది మిస్సింగ్ కేసు. ఇద్దరమ్మాయిలు ఆంధ్ర నుంచి బెంగళూరు వచ్చి మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో గది తీసుకుంటారు. ఇంట్లోవాళ్లు ఊళ్లో మిస్సింగ్ కేసో కిడ్నాప్ కేసో పెడతారు. అక్కడి పోలీసులు వచ్చి ఒకరిని బండెక్కించుకుని పోతారు. కాగితం మీద స్వలింగ సంబంధం అన్న మాటే ఉండదు. కానీ ఐసీసీపీఆర్‌లో చూస్తే 9 (స్వేచ్ఛ), 12 (తిరిగే హక్కు), 17 (ఏకాంతం), 26 (సమానత్వం) వరసగా తగులుతాయి. తీసుకెళ్లి పెళ్లి చేస్తే 23(3) కూడా. 2024 మార్చిలో దేవు జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే) పిటిషన్లలో హైకోర్టులు ఎలా నడుచుకోవాలో మార్గదర్శకాలిచ్చింది. కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయొద్దంది. ఆ మార్గదర్శకాలు స్టేషన్‌దాకా దిగాయా అన్నదే మీరు నిరూపించాల్సింది.

సాక్ష్యం

నింపించిన అరవై ఫారాల కంటే, బాగా తరచి చూసిన పది సాక్ష్యాలు ఎక్కువ పనిచేస్తాయి. ఒక్కొక్కదానికీ తేదీ (కనీసం నెల), జిల్లా, ఏ హోదా ఉద్యోగి, ఏ సెక్షన్, ఏం జరిగింది, ఫిర్యాదు చేస్తే ఏమైంది: ఈ ఆరూ ఉండాలి. ఇద్దరు వెళ్లండి, ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవాలి. పీజీ గదిలో రూమ్మేటు ఇయర్‌ఫోన్ పెట్టుకుని పక్కనే ఉండగా ఈ మాటలు రావు. వేరే చోటు చూడండి.

తెలుగులో చెప్పిన మాటను ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడే సగం సాక్ష్యం కారిపోతుంది. ‘ఇంట్లో పెట్టేశారు’ అంటే గడియ పెట్టారా, బయటికెళ్తే చంపుతామన్నారా, ఉద్యోగం మాన్పించారా? మూడూ మూడు వేరు సంగతులు, వర్తించే అధికరణాలూ వేరే. ఫోన్ ఎవరు లాక్కున్నారు, ఎన్ని రోజులు, తాళం ఎవరి దగ్గర అని అక్కడే అడగండి. ‘డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు’ అంటే సైకియాట్రిస్టా, ఊళ్లో ఆర్‌ఎంపీయా, స్వామీజీయా? మందు చీటీ ఉందా? ఉంటే మానసిక ఆరోగ్య చట్టం 2017లోని 18వ సెక్షన్, లైంగికతను మార్చేస్తామనే కన్వర్షన్ థెరపీ వద్దంటూ మద్రాసు హైకోర్టు 2021 జూన్ 7న సుష్మా కేసులో ఇచ్చిన ఆదేశం మీ చేతికందుతాయి. ‘పోలీసులు సెటిల్ చేశారు’ అన్న మాటకు వెనక దాదాపు ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది: ‘నా ఇష్టంతోనే అమ్మానాన్నలతో వెళ్తున్నాను.’ అది ఎవరు చెప్పగా రాశారు, సంతకం పెట్టేటప్పుడు గదిలో ఎవరెవరున్నారు అని అడగండి. తెలుగు మాటను అలాగే రాసుకుని, కింద ఇంగ్లిష్ పెట్టుకోండి. సబ్మిషన్‌లోకి ఇంగ్లిష్ వెళ్లినా, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే చూపించడానికి మూలం ఉండాలి.

అక్కడి ఎఫ్ఐఆర్ తెలుగులో, ఇక్కడి స్టేషన్ ఎంట్రీ కన్నడలో ఉంటుంది. కన్నడ చదవగలిగిన మనిషి బృందంలో లేకపోతే ముందు ఆ మనిషిని వెతకండి. ఫిర్యాదుదారుకు ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. మన కేసుల్లో ఫిర్యాదుదారు కన్నవాళ్లే కాబట్టి, నకలు కోసం లాయరు ద్వారా కోర్టు దారి పట్టాల్సి రావచ్చు.

ఆర్టీఐతో వచ్చే లెక్కలు కాగితానికి వెన్నెముక. కర్ణాటకలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు. ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదు. ఆ నిబంధన తెలియక నాలుగు పేజీలు రాసి పంపితే, తిరస్కరించడానికి అధికారికి మీరే కారణం ఇచ్చినట్టు. అయిదు ప్రశ్నలుంటే అయిదు దరఖాస్తులు. జవాబుకు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ‘ఎన్ని అన్యాయాలు జరిగాయి’ అని అడిగితే ఏమీ రాదు. ‘దేవు జి. నాయర్ తీర్పు తర్వాత స్టేషన్లకు పంపిన సర్క్యులర్ల నకళ్లు ఇవ్వండి’ అంటే, నకలైనా వస్తుంది, ‘సమాచారం లేదు’ అన్న జవాబైనా వస్తుంది. ఆ రెండో జవాబు సంతకంతో సహా బంగారం.

377 కింద కేసుల సంఖ్య కోసం అందరూ ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) పట్టికలు తీస్తారు. 2014 నుంచి అది విడిగా లెక్క ఇచ్చింది నిజమే. కానీ అందులో పిల్లలపై జరిగిన అత్యాచారాలు, బలవంతపు కేసులు కలిసి ఉన్నాయి. ఆ మొత్తాన్ని ‘ప్రేమించినందుకు అరెస్టులు’ అని రాసిన కాగితాలు తిరుగుతున్నాయి. అలా రాస్తే అబద్ధం చెప్పినట్టే. ఈ సెక్షన్ చేసిన అసలు హాని బెదిరింపులు, బ్లాక్‌మెయిల్, స్టేషన్ బయట వసూళ్లు. అవి ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కవు. దాన్ని బెంగళూరు చాలా ముందే గుర్తించింది. పౌరహక్కుల సంఘమైన పీయూసీఎల్ కర్ణాటక శాఖ 2001లో లైంగిక అల్పసంఖ్యాకులపై హక్కుల ఉల్లంఘనల నివేదిక తెచ్చినప్పుడు కేసుల లెక్కల కంటే మనుషుల మాటలనే ఎక్కువ నమ్ముకుంది.

సమ్మతి తెలుగులో రాసి తీసుకోండి. లెక్కలో మాత్రమే వాడుకోవచ్చా, పేరు ఊరు లేకుండా కథ చెప్పొచ్చా, పేరుతో చెప్పొచ్చా, మూడు గళ్లు. యూపీఆర్ సబ్మిషన్లు వెబ్‌లో అందరికీ కనిపించేలా పెడతారని ముందే చెప్పండి. పేరు తీసేస్తే చాలనుకోవద్దు. ఊరి పేరు, కులం, పనిచేసే కంపెనీ మూడూ ఒక వాక్యంలో పడితే బంధువులు గంటలో గుర్తుపడతారు. జిల్లా చాలు. అసలు పేర్ల జాబితా ఒక్కరి దగ్గర, తాళం ఉన్న ఫైల్లో ఉండాలి. వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ కాదు.

రాత

యూపీఆర్‌లో ఒక్క సంస్థ రాస్తే 2815 మాటలు, కలిసి రాస్తే 5630. కవర్ పేజీ, ఫుట్‌నోట్లు, అనుబంధాలు ఈ లెక్కలోకి రావు. కానీ అసలు వాదన ఫుట్‌నోట్‌లో దాచొద్దు, అక్కడ ఆధారాలే ఉండాలి. వర్డ్ ఫైలు, పేరాలకు సంఖ్యలు, పేజీలకు సంఖ్యలు. ఇంగ్లిష్‌లో రాయడమే మనకు తేలిక. ముందు తెలుగులో మాట్లాడుకుని ఇంగ్లిష్‌లో రాస్తే వాక్యాలు పొట్టిగా వస్తాయి, అది కూడా లాభమే.

2815ను ఇలా పంచుకోవచ్చు: మీరెవరు, సాక్ష్యం ఎలా సేకరించారు 150, చట్టం 350, గత సమీక్షలో దేశం ఏం ఒప్పుకుంది, ఏం చేసింది 300, సాక్ష్యాలు 1200, సిఫార్సులు 500. మిగిలిన 315 దిద్దుబాటులో ఎలాగూ కరిగిపోతాయి. గత సమీక్ష భాగం చాలామంది రాయరు. చదివేవాళ్లు మొదట వెతికేది అదే.

అన్ని సంఘాల కాగితాలనూ కలిపి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం పది పేజీల సారాంశం చేస్తుంది. భారత్ లాంటి దేశానికి వచ్చే కాగితాల గుట్టలో మీకు దక్కేది ఒకటో రెండో వాక్యాలు. కాబట్టి ప్రతి పేరాలో ఒక వాక్యం ఎత్తుకుపోవడానికి వీలుగా ఉండాలి. ‘మా సముదాయం అడుగడుగునా వివక్ష ఎదుర్కొంటోంది’ అన్నది నిజమే, కానీ ఎవరూ ఎత్తుకోరు. ‘వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పోలీసులు, వయోజన మహిళను మేజిస్ట్రేటు ముందు ప్రవేశపెట్టకుండా కుటుంబానికి అప్పగించిన ఘటనలు ఈ పది సాక్ష్యాల్లో నాలుగింటిలో ఉన్నాయి’ అని మీ కాగితాల్లో తేలిన అంకెతో రాస్తే ఎత్తుకుంటారు.

సిఫార్సు అంటే ఎవరు, ఏం, ఏ సెక్షన్, ఎప్పటిలోగా. ‘పరిశీలించాలి’, ‘అవగాహన పెంచాలి’ లాంటి మాటలు ఒప్పుకోవడం ప్రభుత్వాలకు ఎంతో ఇష్టం, ఎందుకంటే వాటితో పనేమీ ఉండదు. ఇలా రాసి చూడండి: ‘వయోజనులు తమ ఇష్టప్రకారం ఇల్లు వదిలిన సందర్భాల్లో మిస్సింగ్, కిడ్నాప్ కేసుల కింద వాళ్లను కుటుంబానికి అప్పగించకుండా, అన్ని రాష్ట్రాల పోలీసులకు హోంశాఖ ఏడాదిలోగా లిఖిత ఆదేశం ఇవ్వాలి.’ ‘సమ్మతితో కూడిన సంబంధాలను మళ్లీ నేరం చేయకుండా, మగవాళ్లకూ ట్రాన్స్ వ్యక్తులకూ లైంగిక హింస నుంచి రక్షణ కల్పించేలా న్యాయ సంహితను సవరించాలి.’ ఈ రెండో దానిలో మొదటి సగం వదిలేస్తే ప్రమాదం, 377ను మళ్లీ తెమ్మన్నట్టు చదవొచ్చు.

సిఫార్సులు అయిదు మించొద్దు. పెళ్లి, దత్తత, రిజర్వేషన్ అన్నీ ఒకే కాగితంలో కూరితే ప్రతిదీ పలచబడుతుంది. స్వలింగ పెళ్లి గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన 2023 అక్టోబర్ 17 తీర్పు మీద వేరే సంఘం రాస్తుంటే వాళ్లతో మాట్లాడి పంచుకోండి. ఒకే మూస పాఠాన్ని పది సంఘాల పేర్లతో పంపడం వల్ల బలం పెరగదు. సారాంశంలో అది ఒక్క వాక్యమే అవుతుంది. దానికంటే ఉమ్మడి సబ్మిషన్ నయం.

గల్ఫ్ దేశాల మీద రాస్తుంటే ఇక్కడినుంచి రాయగలిగింది వేరు. అక్కడి జైలు లోపలి సంగతి మీకు అందదు. తిరిగొచ్చిన కార్మికులు చెప్పేది అందుతుంది: ఫోన్ తనిఖీలు, కేసు పెట్టకుండానే వెనక్కి పంపేయడం, యజమాని పాస్‌పోర్టు పట్టుకుని బెదిరించడం. ఇలాంటి సాక్ష్యంలో దేశం పేరు, ఏడాది చాలు, నగరం కూడా వద్దు. మరణశిక్ష ఉన్న దేశమైతే ఐసీసీపీఆర్ ఆరో అధికరణంపై కమిటీ 2018లో ఇచ్చిన 36వ సాధారణ వ్యాఖ్యను (అధికరణానికి కమిటీ చెప్పే వివరణ) చూడండి. స్వలింగ సంబంధాలకు మరణశిక్ష ఏ పరిస్థితుల్లోనూ కుదరదని అందులో స్పష్టంగా ఉంది.

పంపాక

పంపేస్తే సగం పనే అయినట్టు. యూపీఆర్ సమీక్ష మూడున్నర గంటలు. అందులో 70 నిమిషాలు సమీక్షలో ఉన్న దేశానివి, మిగతా 140 నిమిషాలు అడిగే దేశాలవి. 2022లో భారత్ గురించి మాట్లాడింది 130 దేశాలు, అంటే ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. ఆ నిమిషంలో మీ వాక్యం పడాలంటే రెండు మూడు నెలల ముందే ఆ దేశపు దౌత్యకార్యాలయం చేతిలో ఒకే ఒక్క పేజీ ఉండాలి. ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. బెంగళూరులో బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్ కార్యాలయాలున్నాయి. రాజకీయ వ్యవహారాలు చూసే అధికారిని అడిగి అరగంట తీసుకోండి. పూర్తి సబ్మిషన్ ఇవ్వకండి, చదవరు. పేజీలో పైన రెండు సిఫార్సులు, కింద ఒక్కోదానికి మూడు వాక్యాల ఆధారం. అన్ని దేశాలకూ ఒకే సిఫార్సు ఇవ్వకండి, పంచండి. పాశ్చాత్య దేశాలు మాత్రమే అడిగితే ‘ఇది మీ సంస్కృతి’ అనే మాట వస్తుంది. నేపాల్, దక్షిణాఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల దౌత్యవేత్తలకు కూడా ఒక్కో పేజీ పంపండి.

జెనీవాలో సమీక్ష గదిలో సంఘాలకు మాట్లాడే వీలు లేదు. తర్వాత మండలి ఆమోదించే రోజున సంఘాలన్నిటికీ కలిపి 20 నిమిషాలు. దానికోసం టిక్కెట్టు కొనడం కంటే ఆ డబ్బుతో ఇక్కడ ఇంకో నాలుగు సాక్ష్యాలు సేకరించడం మేలని మా అభిప్రాయం. కమిటీ సమావేశమైతే లెక్క వేరు. ప్రభుత్వంతో రెండు విడతలుగా ఆరు గంటల సంభాషణ జరుగుతుంది. దానికి ముందు సభ్యులు సంఘాల మాట వింటారు, అక్కడికి వెళ్తే ఫలితం ఉంటుంది. సమావేశాలు వెబ్‌లో ప్రత్యక్షంగా వస్తాయి. ప్రభుత్వ ప్రతినిధి ఏ అంకె చెప్పాడో రాసుకోండి, ఆర్టీఐలో వచ్చిన అంకెతో పోల్చండి.

యూపీఆర్‌లో దేశం సిఫార్సులను ‘ఆమోదిస్తుంది’ లేదా ‘గమనిస్తుంది’. తిరస్కరించడం అనే మాట లేదు. ‘గమనించాం’ అంటే మర్యాదగా వద్దన్నట్టే. అయినా అది పారేయాల్సిన కాగితం కాదు. మానవ హక్కుల పరిరక్షణ చట్టం 1993, సెక్షన్ 2(1)(డి) నిర్వచనంలో ఐసీసీపీఆర్ హక్కులు కూడా ఉన్నాయి. 2009లో ఢిల్లీ హైకోర్టు 377 మీద ఇచ్చిన నాజ్ తీర్పులో టూనెన్‌ను ఉటంకించింది. అందుకే సమీక్ష ముగిశాక కమిటీ రాసిచ్చే తుది పరిశీలనల్లోని పేరా సంఖ్యను రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు, డీజీపీకి, హెబియస్ కార్పస్ వేసే లాయరుకు ఇవ్వండి. ఆ పేరాను తెలుగులోకి, కన్నడలోకి మార్చి ఒక పేజీగా అచ్చువేసి స్టేషన్ మెట్లెక్కేవాళ్ల చేతిలో పెట్టండి. అనువాదంలో ‘అసహజ’, ‘వికృత’ లాంటి ఎఫ్ఐఆర్ మాటలు దొర్లకుండా, తెలుగు బాగా వచ్చిన క్వీర్ వ్యక్తి చేత ఒకసారి చదివించండి.

ఆఖరుగా ఫైలు. ఆర్టీఐ జవాబులు, సమ్మతి పత్రాలు, పేర్లు తీసేసిన సాక్ష్యాలు వచ్చే సమీక్షకు ఉంచండి. ఆడియో రికార్డింగులు మాత్రం రాసుకోవడం, సరిచూసుకోవడం అయిపోయిన నెలలోపు చెరిపేయండి. ఆ తేదీ సమ్మతి పత్రంలోనే రాసి ఉండాలి, చెరిపేశాక మాట్లాడిన మనిషికి ఒక మెసేజ్ పెట్టాలి.